మినెసోటా సరస్సుల్లో చిన్న చేపలు ఏ కాలంలో ఏం తింటున్నాయో మీరే తెలుసుకోవడం ఎలా?

మినెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల్లో స్థిరపడి, వారాంతాల్లో గాలం పట్టుకుని సరస్సు ఒడ్డున కూర్చునే తెలుగువారు ఇప్పుడు తక్కువేమీ కాదు. వారిలో కొత్తగా మొదలుపెట్టినవారు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ ఎర వేయాలి? దుకాణంలో దొరికే జవాబు చాలాసార్లు ఆ రోజు దుకాణంలో మిగిలిన సరుకును బట్టి ఉంటుంది. అసలు అడగవలసిన ప్రశ్న వేరు. ఈ సరస్సులో, ఈ వారంలో, ఈ లోతులో చేప నోటికి సులువుగా అందుతున్న మేత ఏది? దీనికి జవాబు ఎవరినీ అడగనక్కరలేదు. ఒక థర్మామీటరు, ఒక తెల్ల పళ్ళెం, వంటకు కోసిన చేప పొట్ట ఉంటే ఏడాది తిరిగేలోగా మీ సరస్సు మేత పట్టికను మీరే రాసుకోగలరు. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

రెండు చేపలకే పరిమితమవుతున్నాను. ఒకటి ఎల్లో పెర్చ్: పసుపు ఒంటి మీద ఆరు నుంచి ఎనిమిది వరకు నిలువు చారలు, వీపు మీద ముళ్ళ రెక్క, కాస్త పెద్ద నోరు. రెండవది బ్లూగిల్: అరచేయి లాంటి గుండ్రని ఒళ్ళు, మొప్ప అంచున నల్లని మచ్చ, చాలా చిన్న నోరు. పెనంలో ఇమిడిపోతాయి గనుక అక్కడివారు రెంటినీ పాన్‌ఫిష్ అంటారు. రెండూ ఒకే సరస్సులో ఉన్నా, వాటి నోటి కొలత వేరు, చలిని ఓర్చుకునే తీరు వేరు, గుడ్లు పెట్టే కాలం వేరు. అందుచేత మేత కూడా ఒకటి కాదు. ఒకదాని విషయంలో తెలుసుకున్నది రెండవదానికి అన్వయించడమే కొత్తవారు చేసే మొదటి పొరపాటు.

సరస్సును ఎంచుకోండి

పది ఎకరాలు, అంతకు మించిన విస్తీర్ణం ఉన్న సరస్సులు ఒక్క మినెసోటాలోనే 11,842 ఉన్నాయి. వారానికొక సరస్సు తిరిగితే చేపలు దొరకవచ్చు గానీ జ్ఞానం దొరకదు. ఇంటికి దగ్గరలో, పాతిక నుంచి నలభై అడుగుల లోతు ఉండి, ఒడ్డు పొడవునా నీటి మొక్కలు పెరిగే సరస్సు ఒకదాన్ని ఎంచుకుని ఏడాదంతా దాన్నే అంటిపెట్టుకోండి. రాష్ట్ర సహజ వనరుల శాఖ తన లేక్‌ఫైండర్ సైటులో చాలా సరస్సుల లోతు పటాలను, చేపల సర్వే వివరాలను ఉచితంగా ఉంచింది. ఆ పటం మీద మూడు చోట్లు గుర్తు పెట్టుకోవాలి. ఉత్తరపు ఒడ్డున నల్లని బురద నేల ఉన్న లోతు తక్కువ మూల ఒకటి, నీటి మొక్కలు ఆగిపోయి నేల ఒక్కసారిగా దిగే అంచు ఒకటి, అన్నిటికన్నా లోతైన మడుగు ఒకటి. ఏడాది పొడవునా చేప ఈ మూడింటి మధ్యే తిరుగుతుంది.

మినెసోటాలో పదహారేళ్ళు, ఆపైన వయసు ఉన్నవారికి లైసెన్సు తప్పనిసరి. రోజుకు ఎన్ని చేపలు ఉంచుకోవచ్చన్న పరిమితి సరస్సును బట్టి మారుతుంది కాబట్టి ఆ ఏటి నిబంధనల పుస్తకంలో మీ సరస్సు పేరు వెతికి చూసుకున్నాకే గాలం వేయండి.

నీటి వేడిని లోతు లోతుకూ కొలవండి

చేప ఒంటి వేడి నీటి వేడితో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. నీరు చల్లబడితే చేపకు అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. ఈ సంగతి ఆంధ్రా చేపల చెరువుల గురించి తెలిసినవారికి కొత్త కాదు. రంధ్రాలు పెట్టిన సంచుల్లో తవుడు నింపి గెడలకు కట్టే కొల్లేటి ప్రాంతపు రైతు కూడా డిసెంబరు, జనవరి నెలల్లో చలి ముదిరిందంటే మేత తగ్గిస్తాడు. అయితే అక్కడ చలి అంటే నీరు ఇరవై డిగ్రీల సెల్సియస్ దగ్గరకు రావడం. ఇక్కడి పెర్చ్‌కు అది హాయిగా తిని తిరిగే వేసవి. మన అనుభవాన్ని ఇక్కడికి తెచ్చేటప్పుడు ఈ తేడా మరిచిపోకూడదు.

పైనీటి వేడి ఒక్కటే కొలిస్తే సరిపోదు. అందుకు ఖరీదైన పరికరమూ అక్కరలేదు. ఒక గాజు సీసాకు అడుగున బరువు కట్టి, మూతికి బెండు బిరడా వదులుగా బిగించండి. సీసా మెడకు ఒక తాడు, బిరడాకు మరొక సన్నని పురికొస కట్టి, తాడు మీద మూడేసి అడుగులకు ఒక ముడి వేయండి. కావలసిన లోతుకు దించాక పురికొసను గట్టిగా ఒక్క గుంజు గుంజితే బిరడా ఊడి, ఆ లోతు నీరు సీసాలోకి వస్తుంది. నిమిషం ఆగి, వేగంగా పైకి లాగి, వెంటనే థర్మామీటరు ముంచి అంకె రాసుకోండి. పైన, మధ్యన, అడుగున మూడు కొలతలు చాలు.

ఈ అంకెలను చదవాలంటే ఒక సూత్రం తెలిసి ఉండాలి. నీరు నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లనిదీ తేలికే, వెచ్చనిదీ తేలికే. అందువల్ల చలికాలంలో మంచు గడ్డ కిందే సున్నా డిగ్రీల నీరు ఉండి, అడుగున నాలుగు డిగ్రీల నీరు ఉంటుంది, అంటే అడుగే వెచ్చన. వేసవిలో దీనికి తలకిందులు: పైన పాతిక డిగ్రీల వెచ్చని పొర, అడుగున చల్లని పొర, మధ్యలో కొద్ది అడుగుల్లోనే వేడి దిగిపోయే సన్నని పొర. వసంతంలోనూ శరత్తులోనూ పై నుంచి కింది దాకా వేడి ఒక్కటై, గాలికి నీరంతా కలిసిపోతుంది. మేత ఎక్కడ ఉంటుందో, ప్రాణవాయువు ఎక్కడ ఉంటుందో నిర్ణయించేవి ఈ పొరలే.

మేతను కంటితో గుర్తుపట్టడం నేర్చుకోండి

పేర్లు బట్టీ పట్టనక్కరలేదు. ఈ రెండు చేపల కడుపుల్లో ఏడాది పొడవునా మళ్ళీ మళ్ళీ కనిపించే మేత కొద్ది రకాలే.

మొదటిది డాఫ్నియా, అంటే నీటి ఈగ. ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, గాజు చుక్కలో నల్లని కన్ను ఒక్కటే పెట్టినట్టు కనిపిస్తుంది, నీటిలో చిన్న చిన్న గెంతులు వేస్తుంది. రెండవది కోపీపాడ్: ఇంకా సన్నం, నీటి బొట్టు ఆకారం, పొడవాటి మీసాలు. చలికాలంలో డాఫ్నియా బాగా తగ్గిపోయినా ఇది మిగిలి ఉంటుంది. మూడవది మిడ్జ్ పురుగు. దోమను పోలి, కుట్టని ఒక ఈగకు ఇది లార్వా దశ. బురదలో ప్రాణవాయువు తక్కువగా ఉన్నా బతకడానికి దీని ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఎర్రగా ఉంటుంది. హైదరాబాదు అక్వేరియం దుకాణాల్లో గడ్డకట్టించి అమ్మే బ్లడ్‌వర్మ్ అంటే ఇదే. నాలుగవది మేఫ్లై పిల్లదశ: మూడు తోకలు, పొట్ట పక్కన ఆడుతూ ఉండే మొప్పలు. ఐదవది స్కడ్, నీటి మొక్కల మధ్య ఒంటిని ఒంచుకుని పక్కవాటుగా ఈదే, రొయ్యను పోలిన చిన్న జీవి. వీటికి తోడు చిన్న చేప పిల్లలు, క్రేఫిష్‌లు (పీతలా కొండీలున్న, రొయ్యలాంటి మంచినీటి జీవులు), నత్తలు ఉంటాయి. క్రేఫిష్, చేప పిల్ల పెర్చ్ నోటికి పట్టినంతగా బ్లూగిల్ నోటికి పట్టవు.

నీటిలో ఉన్నదేమిటో చూడడానికి పాత నైలాన్ మేజోడు చాలు. నోటికి తీగ చట్రం కుట్టి, కొస కత్తిరించి చిన్న గాజు సీసా కట్టండి. దాన్ని అడుగు దాకా దించి నెమ్మదిగా పైకి లాగితే, ఆ నీటి స్తంభంలోని డాఫ్నియాలు సీసాలో చేరతాయి. తెల్ల పళ్ళెంలో పోసి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూసి, రాసుకుని, ఆ నీటిని అక్కడే అదే సరస్సులో పోసేయాలి. ఒక సరస్సు నీటిని, ఎర బకెట్టు నీటిని మరో సరస్సుకు తీసుకుపోవడం నిబంధనలకు విరుద్ధం. అది ఉత్త చాదస్తం కాదు. మిల్ లాక్స్ అనే ప్రసిద్ధ సరస్సులో బయటి నుంచి వచ్చి చేరిన జీవులు రెండు, 2005లో జీబ్రా ఆల్చిప్పలు, 2009లో పొడవాటి ముల్లు తోక ఉన్న స్పైనీ వాటర్‌ఫ్లీ బయటపడ్డాయి. ఆల్చిప్పలు డాఫ్నియాల మేతను వడగట్టి తినేస్తాయి. స్పైనీ వాటర్‌ఫ్లీ డాఫ్నియాలనే తింటుంది, పైగా దాని ముల్లు చిన్న చేపకు మింగుడు పడదు.

చేప పొట్ట విప్పి చదవండి

ఈ పని మొత్తానికి ఆయువుపట్టు ఇదే. కేవలం పొట్ట చూడడానికి చేపను చంపవద్దు, వంటకు ఉంచుకున్న చేపలే చాలు. శుభ్రం చేసేటప్పుడు పారేసే భాగమే మనకు కావలసిన పుస్తకం.

పొట్ట కింది వైపు మలద్వారం నుంచి మొప్పల దాకా చర్మం మాత్రమే తెగేలా కోయండి. కత్తి లోతుగా దిగితే పేగు తెగి అంతా కలగాపులగమవుతుంది. కాలేయాన్ని పక్కకు జరిపితే, గొంతు నుంచి వచ్చే గొట్టం ఉబ్బి సంచిలా మారిన చోటు కనిపిస్తుంది. అదే జీర్ణాశయం. పెర్చ్‌లో దాని చివర, పేగు మొదలయ్యే చోట, చిన్న వేళ్ళలాంటి మూడు తిత్తులు ఉంటాయి, వాటిని బట్టి హద్దు సులువుగా తెలుస్తుంది. గొంతు దగ్గర, ఆ తిత్తుల దగ్గర కోసి సంచిని బయటకు తీయండి. తెల్ల పళ్ళెంలో అర అంగుళం నీరు పోసి, అందులో చిన్న కత్తెరతో సంచిని పొడవునా చీల్చి, పళ్ళు కుట్టుకునే పుల్లతో నెమ్మదిగా కెలకండి. ముద్దగా ఉన్నదంతా విడివిడిగా తేలుతుంది.

బూడిద రంగు ఇసుక ముద్దలా ఉండి, భూతద్దం కింద వందల నల్లని చుక్కలు కనిపిస్తే అవి డాఫ్నియా కళ్ళు. ఒళ్ళు అరిగిపోయినా కన్ను మిగులుతుంది. ఎర్రని కామాలు ఉంటే మిడ్జ్ పురుగులు. ఒళ్ళు అరిగినా గోధుమ రంగు తల డిప్పలు మిగులుతాయి, తలలు లెక్కపెడితే పురుగుల లెక్క వస్తుంది. వెండి పొడిలాంటి పొలుసులు, దారంలాంటి వెన్నెముక కనిపిస్తే చేప పిల్ల. బ్లూగిల్ పొట్టలో వేసవిలో ఆకుపచ్చని ఆకు ముక్కలు కూడా వస్తాయి, కంగారు పడవద్దు. ఆకును అంటిన పురుగుల కోసం మింగినదీ ఉంటుంది, ఆకునే తిన్నదీ ఉంటుంది.

ప్రతి చేపకూ తేదీ, వేళ, పట్టిన లోతు, ఆ లోతు నీటి వేడి, చేప పొడవు, ఆడో మగో, పొట్టలో దొరికినవి రాయండి. శాతాలు లెక్కకట్టే శ్రమ వద్దు. పది చేపల్లో ఎన్నింటిలో ఏ మేత కనిపించిందో రాస్తే చాలు: “మిడ్జ్ 8, డాఫ్నియా 3, చేప పిల్ల 1”. ఈ ఒక్క వరుస ఏ ఎర దుకాణం సలహా కన్నా నమ్మదగినది.

ఇక్కడ మూడు మోసాలున్నాయి. గట్టి డిప్ప ఉన్నవి ఎక్కువసేపు మిగులుతాయి, మెత్తనివి త్వరగా కరిగిపోతాయి. కాబట్టి నత్తలు, తల డిప్పలు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తాయి. పైగా చల్లని నీటిలో అరుగుదల చాలా నెమ్మది. జూలైలో పొట్టలో ఉన్నది ఆ పూట తిన్నది, జనవరిలో ఉన్నది నిన్నటిదీ కావచ్చు.

మూడవ మోసానికి నేనే మొదటి చలికాలమంతా బలయ్యాను. ముప్పై ఐదు అడుగుల లోతు నుంచి లాగిన పెర్చ్‌ల పొట్టలు ఒకదాని తరువాత ఒకటి ఖాళీగా ఉంటే, “చలిలో ఇవి తినవు” అని పుస్తకంలో గట్టిగా రాసి కింద గీత కూడా గీశాను. ఫిబ్రవరిలో ఒక రోజు మంచు మీద మోకాళ్ళ మీద కూర్చుని గాలం విప్పుతుంటే, చేప నోటి ముందు తెల్లని మంచు మీద అయిదారు ఎర్రని పురుగులు పడి ఉన్నాయి. పెర్చ్ గాలితిత్తికి బయటకు దారి ఉండదు. లోతు నుంచి వేగంగా పైకి వచ్చినప్పుడు అందులోని గాలి ఉబ్బి జీర్ణాశయాన్ని నోటి వైపు తోస్తుంది, తిన్నది కక్కేస్తుంది. అప్పటి నుంచి కన్నం పక్కన మంచును, చేప నోటిని, మొప్పల సందులను కూడా చూస్తున్నాను. ఈ కారణంగానే, తిరిగి వదిలిపెట్టాలనుకునేవారు ముప్పై అడుగులకు మించిన లోతులో పెర్చ్‌ను పట్టకూడదు. వదిలినా బతకకపోవచ్చు.

ఏప్రిల్: మంచు కరిగిన తరువాత

మినియాపొలిస్ చుట్టుపక్కల సరస్సుల మీద మంచు సాధారణంగా ఏప్రిల్ నెల నడుమ పోతుంది, ఉత్తరపు సరిహద్దు సరస్సుల్లో అది నెలాఖరుకో, మే మొదటి వారానికో వెళుతుంది. మీ నోటు పుస్తకాన్ని ఈ రోజుతోనే మొదలుపెట్టండి.

మొదట ఉత్తరపు మూలకు వెళ్ళండి. దక్షిణం నుంచి వచ్చే ఎండ నేరుగా పడుతుంది, ఉత్తరపు చలిగాలికి ఒడ్డు అడ్డు ఉంటుంది, నల్లని బురద వేడిని పీల్చుకుంటుంది. సరస్సు నడుమ ఆరు డిగ్రీలున్న మధ్యాహ్నం ఈ మూలలో పది డిగ్రీలు కనిపించవచ్చు. అక్కడి బురదలోని మిడ్జ్ పురుగులు ప్యూపాలుగా, అంటే రెక్కలు రావడానికి ముందరి దశకు మారి పైకి తేలడం మొదలవుతుంది, బ్లూగిల్‌లు వాటి కోసం మూడు నాలుగు అడుగుల నీటిలోకి వస్తాయి. ఉదయాన్నే వెళితే ఏమీ ఉండవు. ఎండ బాగా కాసిన రోజున మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళండి. ఎర చిన్నది కావాలి, తేలే బెండు కింద రెండడుగుల లోతున దాదాపు కదలకుండా వేలాడాలి.

పెర్చ్ ఇదే సమయంలో వేరే పనిలో ఉంటుంది. నీరు ఏడు నుంచి పదకొండు డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, రాత్రివేళ, మునిగిన కొమ్మల మీద, పాత మొక్కల కాడల మీద గుడ్లు పెడుతుంది. గుడ్లన్నీ జిగురు పట్టీలా, మడతలు మడతలుగా, కొన్నిసార్లు ఆరడుగుల పొడవుంటాయి. ఒడ్డున ఆ పట్టీ కనిపిస్తే ముట్టుకోకుండా తేదీ రాసుకోండి. పెట్టడం పూర్తయ్యాక రెండు వారాల్లో పెర్చ్ ఆకలితో లేస్తుంది, అప్పుడు పొట్టలో అన్నీ కలిసి కనిపిస్తాయి.

మే చివర నుంచి జూన్: తిండికీ కోపానికీ తేడా చూడండి

నీరు పంతొమ్మిది, ఇరవై డిగ్రీలకు చేరగానే మగ బ్లూగిల్‌లు లోతు తక్కువ నేల మీద తోకతో ఊడ్చి పళ్ళేల్లాంటి గూళ్ళు గుంపుగా కడతాయి. గూటి మీద కాపలా ఉన్న మగచేప ఏం వేసినా కొరుకుతుంది. అది ఆకలి కాదు, గూటిలోకి వచ్చినదాన్ని తరమడం. ఈ చేపల పొట్టలు చాలావరకు ఖాళీగా ఉంటాయి, అప్పుడప్పుడూ పక్క గూటి గుడ్లు దొరుకుతాయి. ఈ రోజుల్లో ఎర బాగా పనిచేసిందని రాసుకుంటే పట్టిక మొత్తం తప్పుతుంది. పట్టవద్దనే నా సలహా. పెద్ద మగచేపలు పోయిన సరస్సులో మిగిలిన మగచేపలు చిన్న వయసులోనే జతకట్టడం మొదలుపెట్టి, ఎదుగుదల ఆగి అరచేతికి కూడా రావు.

ఇదే సమయంలో ఒక విచిత్రం చూడవచ్చు. వసంతంలో పచ్చబడిన నీరు జూన్ వచ్చేసరికి కొద్ది రోజుల్లోనే తేటబడుతుంది. డాఫ్నియాలు లక్షలుగా పెరిగి, నీటిని పచ్చబరిచే సన్నని నాచును తినేయడమే కారణం. తెల్ల పళ్ళేనికి తాడు కట్టి నీటిలోకి దించి, ఎన్ని అడుగుల లోతున కనుమరుగవుతుందో వారం వారం రాసుకుంటే ఈ మార్పు అంకెల్లోనే కనిపిస్తుంది. మేజోడు సీసా నిండా డాఫ్నియాలు వస్తాయి, చేప పొట్టలోనూ అవే. ఆ తరువాత అదే ఏడు పుట్టిన చేప పిల్లలు వాటి మీద పడి తింటాయి గనుక జూలైలో పెద్ద డాఫ్నియాలు తగ్గుతాయి.

మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్ల్ వెర్నర్, డొనాల్డ్ హాల్ 1974లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ పనికివస్తుంది. తొట్టిలో రకరకాల పరిమాణాల డాఫ్నియాలను వదిలి, బ్లూగిల్‌లు ఏవి తింటాయో వారు లెక్కపెట్టారు. మేత పలచగా ఉన్నప్పుడు చేపలు ఎదురైనదల్లా తిన్నాయి, సమృద్ధిగా ఉన్నప్పుడు చిన్నవాటిని వదిలి పెద్దవాటినే ఏరుకున్నాయి. జూన్‌లో మీ ముందు చేపలు తిరుగుతూ కూడా ఎరను పట్టించుకోకపోతే, వాటికి ఆకలి లేదనుకోకండి. అప్పుడు చుట్టూ ఉన్న మేతకు దగ్గరగా ఉండే చిన్న ఎరను, అవి తిరిగే లోతులోనే పెట్టి చూడండి.

జూలై, ఆగస్టు: ఎవరు ఎక్కడ?

వేసవిలో పోషకాలు ఎక్కువగా ఉన్న సరస్సుల్లో అడుగు పొరలో ప్రాణవాయువు అయిపోతుంది. సీసాతో కొలిచినప్పుడు వేడి ఒక్కసారిగా దిగిన లోతు ఎంతో చూసి, దానికి దిగువన గాలం వేయడం మానేయండి.

చిన్న బ్లూగిల్‌లు నీటి మొక్కల్లోనే ఉంటాయి. మేత బయటి నీటిలో ఎక్కువగా ఉన్నా రావు, బాస్ అనే వేట చేపకు భయపడి. వెర్నర్ బృందమే 1983లో చెరువుల్లో దీన్ని కూడా చూపింది: బాస్ ఉన్న చోట చిన్నవి మొక్కల్లో దాక్కుని, తక్కువ తిని, నెమ్మదిగా ఎదిగాయి. బాస్ నోటికి పట్టనంత పెద్దవి మాత్రం బయటికి వెళ్ళి డాఫ్నియాలు తిన్నాయి. కాబట్టి మొక్కల మధ్య వేలెడంత చేపలే పడుతుంటే, అంచు దాటి పది పదిహేను అడుగుల లోతున తేలుతున్న పెద్దవాటిని వెతకండి. వాటి పొట్టల్లో బూడిద ముద్ద, చిన్నవాటి పొట్టల్లో స్కడ్‌లు, మిడ్జ్‌లు, తూనీగ పిల్లలు కనిపిస్తే మీ పట్టిక సరిగ్గా సాగుతున్నట్టే.

పెర్చ్‌కు జూన్ చివర, జూలై మొదట్లో ఒక పండుగ వస్తుంది. ఒకటి రెండేళ్ళు బురదలో బొరియల్లో గడిపిన హెక్సాజీనియా మేఫ్లైలు చీకటి పడగానే పైకి లేచి రెక్కలు విప్పుతాయి. 2014 జూలై 20 రాత్రి విస్కాన్సిన్‌లోని లా క్రాస్ దగ్గర మిసిసిపీ నది మీద లేచిన గుంపు వాతావరణ శాఖ రాడార్‌లో వాన మబ్బులా కనిపించింది. ఆ రోజుల్లో మరే ఎరా పెర్చ్‌కు ఆనకపోవచ్చు. రెండు వారాలు ఓపిక పట్టండి, లేదా బురద నేల దగ్గర పొడవాటి సన్నని గోధుమ రంగు ఎర వేయండి.

సెప్టెంబరు, అక్టోబరు

నీరు చల్లబడి కలిసిపోతుంది, లోతు తక్కువ చోట్ల మొక్కలు చచ్చి కుళ్ళుతాయి. ఇంకా పచ్చగా ఉన్న మొక్కల దగ్గరకే బ్లూగిల్‌లు చేరతాయి గనుక ఆ చోట్లను ఇప్పుడే పటం మీద గుర్తుపెట్టుకోండి, డిసెంబరులో పనికివస్తాయి. పెర్చ్ పొట్టలో చేప పిల్లల వాటా పెరుగుతుంది.

డిసెంబరు నుంచి మార్చి: మంచు కింద

ముందు ప్రాణం సంగతి. కొత్తగా కట్టిన తేటైన మంచు నాలుగు అంగుళాల మందం ఉంటేనే మనిషి నడవాలని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్లని మంచుకు బలం సగమే కాబట్టి మందం రెట్టింపు ఉండాలి. ఉలితో పొడుస్తూ, మధ్య మధ్య కన్నం తొలిచి కొలుస్తూ వెళ్ళండి. వాగు కలిసే చోటు, వంతెన కింద, ఊట ఉన్న చోటు ఎప్పుడూ నమ్మవద్దు. ఒక్కరే వెళ్ళవద్దు. మంచు విరిగి నీటిలో పడితే గుచ్చి పైకి పాకడానికి మెడలో మేకుల జత లేకుండా అసలు వెళ్ళవద్దు.

చలికాలంలో చేపలు నిద్రపోతాయన్నది ఈ రెండింటి విషయంలో నిజం కాదు. బ్లూగిల్ బాగా మందగిస్తుంది, కానీ తింటుంది. పెర్చ్ గుంపులు గుంపులుగా రోజంతా తిరుగుతుంది. దానికి ఒక అవసరం కూడా ఉంది. ఆడ పెర్చ్ కడుపులో గుడ్లు శరత్తులో మొదలై, చలికాలమంతా ఎదిగి, ఏప్రిల్‌కు సిద్ధమవుతాయి. దీర్ఘమైన చలి లేకపోతే ఆ గుడ్లు సరిగా పక్వానికి రావు. జనవరిలో కోసిన ఆడచేపలో పసుపు గుడ్ల తిత్తి పొట్టలో చాలా భాగం ఆక్రమించి ఉంటుంది, దాని పక్కన జీర్ణాశయం చిన్నదిగా కనిపించినా ఖాళీ అనుకోవద్దు, విప్పి చూడండి. కిందటి జనవరిలో ఒక మధ్యాహ్నం, ఇరవై రెండు అడుగుల లోతున పట్టిన తొమ్మిది అంగుళాల పెర్చ్ పొట్టలో నలభై మూడు మిడ్జ్ పురుగులు లెక్కపెట్టాను. గొంతు దగ్గరున్న రెండు పళ్ళెంలో ఇంకా మెలికలు తిరుగుతున్నాయి.

ఈ రెండు చేపలూ ప్రధానంగా కంటితో చూసి తింటాయి. డిసెంబరు చివర మినియాపొలిస్‌లో పగలు తొమ్మిది గంటలైనా ఉండదు, దాని మీద మంచు, మంచు మీద హిమం. వెలుగున్న కాస్త సమయంలోనే పెర్చ్ తినాలి, చీకటి పడగానే గుంపు విడిపోయి నేల మీద కదలకుండా ఆగిపోతుంది. కాబట్టి పెర్చ్ కోసం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర లోపు వెళ్ళండి. లోతైన మడుగు అంచున గట్టి నేల అయిపోయి మెత్తని బురద మొదలయ్యే గీత మీద కన్నం తొలవండి. బరువైన చిన్న గాలాన్ని నేలకు తాకించి, రెండు మూడు సార్లు చిన్నగా కొట్టి, బురద పొగలా లేచేలా చేసి, అర అడుగు పైకి ఎత్తి ఆపండి. బురదలో నుంచి పురుగు బయటపడినప్పుడు కనిపించేది అదే పొగ. గాలానికి ఒక్క ఎర్రని పురుగు, లేదా ఒక్క వ్యాక్స్‌వర్మ్ (ఎరగా అమ్మే తెల్లని లార్వా) చాలు. మొదటి ఏడు నేను తోటలోని వానపామును మూడు మడతలు వేసి గుచ్చేవాణ్ణి, ఆ రోజుల్లో నా సంచీ తేలికగానే ఉండేది.

బ్లూగిల్‌కు డిసెంబరులో ఆ శరత్తులో గుర్తుపెట్టిన పచ్చని మొక్కల దగ్గర, ఆరు నుంచి పన్నెండు అడుగుల లోతున మొదలుపెట్టండి. జనవరి నడుమకు హిమం మందంగా పేరుకుంటే వెలుగు అందక మొక్కలు చచ్చి, వాటి కుళ్ళు ప్రాణవాయువును తినేస్తుంది. అప్పుడు చేపలు మడుగుకు తరలి, నేలకు పైన నీటి నడుమ తేలుతూ కోపీపాడ్‌లను, అడుగు నుంచి రాత్రి పైకి లేచే పురుగులను తింటాయి. మేజోడు వలను కన్నం గుండా దించి ఏ లోతు నుంచి ఎక్కువ వస్తున్నాయో చూసి గాలాన్ని అక్కడే ఆపండి. చేపకు కింద కాదు, ఒక అడుగు పైన ఆపండి, ఎందుకంటే ఇవి పైకి చూసి తింటాయి, కిందికి దిగి వెతకవు. కొరుకు చాలా సున్నితం. బెండు మునగకపోవచ్చు, గాలపు తీగ కొద్దిగా వదులైతే అదే కొరుకు. అడుగు నీటిలో ప్రాణవాయువు అయిపోయిందని అనుమానం వస్తే గమనించండి: రోజు రోజుకూ చేపలు ఇంకా పైకి దొరుకుతుంటాయి.

మార్చి వచ్చాక ఎండ ఎక్కి, కరిగిన నీరు కన్నాల గుండా సుడులు తిరుగుతూ దిగుతుంది, దాంతో పాటు ప్రాణవాయువు కూడా. చేపలు మళ్ళీ ఒడ్డు వైపు, ఉత్తరపు మూల వైపు కదులుతాయి. ఇప్పుడు కోసిన పొట్టల్లోని మిడ్జ్ పురుగులు జనవరి వాటికన్నా లావుగా, తలకు వెనక ఒళ్ళు ఉబ్బి, ప్యూపా కావడానికి సిద్ధంగా కనిపిస్తాయి. ఎరను కూడా ఒక కొలత పెంచవచ్చు. ఒడ్డు దగ్గర మంచు నల్లబడి, అంచున నీటి గీత కనిపించిన రోజున గాలం సర్దుకుని ఇంటికి వచ్చేయండి. ఆ వారం పొట్టలు ఇంకా నిండుగానే ఉంటాయి గానీ, వాటిని చూడడానికి మంచు మీద నిలబడవద్దు.